కేరో: దిగాల్సిన పనిలేని రేవు

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు ఒకటి రెండు ఉంచి, మైకు గోల తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నుంచున్నవాళ్ళు ముందుకు రండి, ఈ బల్ల మీద కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

పోయిన నెల నన్ను పిలవడానికి వచ్చి "అమెరికా గురించి ఏదైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. అమెరికా గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఇక్కడున్న వాళ్ళలో సగంమంది నాకంటే ఎక్కువసార్లు వెళ్ళొచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి అబ్బాయింటికి, అక్కణ్ణుంచి గుడికి, గుడి నుంచి నయాగరాకి. (నవ్వులు) మధ్య దారిలో కారు అద్దంలోంచి మొక్కజొన్న చేలు కనపడతాయి, ఆ చేల మధ్యన ఓ నీళ్ళ ట్యాంకు, ట్యాంకు మీద ఊరి పేరు. కూడబలుక్కుని చదివేలోపు ఊరు వెనక్కి వెళ్ళిపోతుంది. అలా వెనక్కి వెళ్ళిపోయే ఊళ్ళలో ఒకదాని గురించి ఇవాళ చెబుతాను.

స్పెల్లింగు చూస్తే ఊరి పేరు కైరో. ఈజిప్టు రాజధానికీ దీనికీ అక్షరాలు ఒకటే. కానీ ఆ ఊళ్ళో నుంచుని కైరో అన్నామంటే మనం పైనుంచి వచ్చినవాళ్ళమని తెలిసిపోతుంది. వాళ్ళు కేరో అంటారు. ఇల్లినాయ్ రాష్ట్రానికి అడుగుకొసన ఉంటుంది. ఇల్లినాయ్ అనగానే మనకు చికాగో గుర్తొస్తుంది కదా, చికాగో నుంచి కేరోకి దాదాపు 370 మైళ్ళు. అట్నుంచి చూస్తే ఎల్విస్ ప్రెస్లీ ఉన్న మెంఫిస్ అందులో సగం దూరం కూడా ఉండదు. రాష్ట్రం ఉత్తరాదిది, ఊరు మాత్రం దక్షిణాదిది. దక్షిణాది వాళ్ళు అమెరికా అంతర్యుద్ధకాలంలో రాజధానిగా పెట్టుకున్న రిచ్‌మండ్ కంటే కూడా ఇది దక్షిణానే ఉంది.

ఆ ప్రాంతాన్నంతా లిటిల్ ఈజిప్ట్ అంటారు. పక్కన థీబ్స్ అని ఒక ఊరు, కార్నాక్ అని ఇంకో ఊరు. ఎందుకలా అంటే రెండు మూడు కథలు చెబుతారు. అందులో ఒకటి, 1830ల్లో ఉత్తరాన పంటలు పోతే జనం గింజల కోసం కిందికి వచ్చారట, బైబిల్లో యాకోబు కొడుకులు ధాన్యానికి ఈజిప్టు పోయినట్టు. నేను చదువుకున్న కార్బన్‌డేల్ యూనివర్సిటీ ఆటల జట్టుకి కూడా గుర్తు ఈజిప్టు వేటకుక్క, సలూకీ. మన తెలుగు పిల్లలు బోలెడంతమంది ఆ కుక్క బొమ్మ టీషర్టులు వేసుకుని తిరిగారు, అది ఏ కుక్కో తెలియకుండానే. నేనూ అంతే.

కార్బన్‌డేల్ నుంచి కేరోకి కారులో గంట. తొంభైల్లో మేం నలుగురం, ఏసీ పనిచేయని ఒక సెకండ్‌హ్యాండ్ కారేసుకుని వెళ్ళాం. రెండు మహానదులు కలిసే చోటు చూద్దామని బయల్దేరాం. ఊళ్ళో ఎక్కడైనా తిందాంలే అనుకుని ఏమీ కట్టుకెళ్ళలేదు. అదే మా తప్పు.

కమర్షియల్ అవెన్యూ అని ఆ ఊరి నడిబజారు. రెండు వైపులా ఎర్ర ఇటుకల మేడలు, మూడేసి అంతస్తులవి, కిటికీల పైన చెక్కడాలు. కారు ఆపి దిగాం. ఒక్క మనిషి లేడు. ఒక మేడ గోడ మీద వెలిసిపోయిన రంగులో ఏదో సరుకు ప్రకటన సగం కనపడుతోంది. ఆ పక్క మేడకి పైకప్పు లేదు. లోపల్నుంచి ఒక చెట్టు పెరిగి, రెండో అంతస్తు కిటికీలోంచి కొమ్మ బయట పెట్టింది. ఎవరో ఇంట్లోంచి చెయ్యి చాపి వాన పడుతోందా అని చూస్తున్నట్టుంది. మాలో ఒక తెనాలి కుర్రాడు "ఒరేయ్, ఇక్కడ బాంబేమైనా పడిందా?" అన్నాడు.

పడలేదు. ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది. 1920లో ఆ ఊళ్ళో జనాభా 15,203. 2020లో 1,733. వందేళ్ళలో తొమ్మిదో వంతుకి వచ్చేసింది. యుద్ధమేమీ ఊరి మీద పడలేదు. పోనీ వరదా? 1937లో ఒహాయో నది ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ మునిగితే మునగకుండా నిలబడిన ఊరిది. మరి ఎక్కడికి పోయారు ఇంతమంది?

ముందు నేల సంగతి చెబుతాను. ఇల్లినాయ్ కొస ముక్కులా సన్నబడి కిందికి దిగుతుంది. ఆ ముక్కుకి పడమర మిసిసిపీ, తూర్పున ఒహాయో. ఊరు ముక్కు చివరన. ఊరు దాటి ఇంకొంచెం కిందికి వెళితే పాయింట్ అంటారు, అక్కడ రెండూ కలుస్తాయి. సంగమం దగ్గర సిమెంటుతో పడవ ఆకారంలో మూడంతస్తుల కట్టడం ఉంది, పడవలవాళ్ళ జ్ఞాపకార్థం కట్టింది. దాని మీదికెక్కి చూస్తే ఎడం చేతి వైపు ఒహాయో కొంచెం ఆకుపచ్చగా, కుడి వైపు మిసిసిపీ బురదరంగులో. కలిసినా కలవవు, చాలాదూరం ఒకే ఏటిలో రెండు రంగుల చారలుగా పోతుంటాయి. ఎదురుగా ఎడమ ఒడ్డు కెంటకీ, కుడి ఒడ్డు మిస్సోరీ. నుంచున్న చోటి నుంచి మూడు రాష్ట్రాలు కనపడతాయి. ఇంకో తమాషా, ఒహాయో నీళ్ళు ఇల్లినాయ్‌వి కావు. ఇటు ఒడ్డు దాకా నది కెంటకీదే. మన నీటి పంచాయతీలు తెలిసినవాళ్ళకి ఇది వింటే గుండె కలుక్కుమంటుంది.

కలిశాక నది పేరు మిసిసిపీ. కానీ నీళ్ళు ఎక్కువ తెచ్చేది ఒహాయో. సగటున ఒహాయో 2 లక్షల 80 వేల క్యూసెక్కులు తెస్తే మిసిసిపీ తెచ్చేది 2 లక్షల పైచిలుకు. పేరు మాత్రం అటు పోయింది. పెళ్ళిళ్ళలో కూడా కట్నం తెచ్చినవాళ్ళ ఇంటిపేరు నిలవదు కదా. (నవ్వులు)

పడవలవాళ్ళకి ఇది సున్నా మైలు. ఎగువ మిసిసిపీ మీద మైళ్ళు లెక్కపెట్టడం ఇక్కణ్ణుంచే మొదలు. ఒహాయో మీద పిట్స్‌బర్గ్ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే 981వ మైలు దగ్గర నది ఇక్కడ అయిపోతుంది. 1803 నవంబరులో లూయిస్, క్లార్క్ పడమటి యాత్రకి పోతూ ఇక్కడే కొన్నాళ్ళు దిగారు. అక్షాంశాలు రేఖాంశాలు కొలవడం సాధన చేసుకున్నది ఇక్కడే. అంటే అప్పట్లో అందరూ ఇక్కడ ఆగేవాళ్ళు. ఈ మాట గుర్తుంచుకోండి, ఆగేవాళ్ళు.

రాష్ట్రం మొత్తంలో ఇదే పల్లం. సంగమం దగ్గర నేల సముద్రమట్టానికి 280 అడుగుల లోపే. అందుకని ఊరు చుట్టూ గట్టు. ఒక పక్క కాదు, చుట్టూ. ఇల్లినాయ్‌లో నాలుగు వైపులా గట్టు ఉన్న ఊరు ఇదొక్కటే. అక్కడ దాన్ని లెవీ అంటారు. మన రైసుమిల్లర్లు ఎవరైనా ఉంటే కంగారు పడకండి, ఆ లెవీ కాదు. (నవ్వులు) ఏటిగట్టు. ఉత్తరం వైపు ఊళ్ళోకి వచ్చే రోడ్డు ఆ గట్టులో ఒక దర్వాజాలోంచి పోతుంది. దాని పైన ఇనప తలుపు వేలాడుతూ ఉంటుంది. 60 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు, దాదాపు 80 టన్నులు. నది పొంగితే తలుపు దించేస్తారు. ఊరు గిన్నె, గట్టు అంచు. మేం దాని కింద నుంచి పోతూ తలెత్తి చూశాం. ఈ తలుపు పడితే లోపలున్నవాళ్ళు బయటికెలా వస్తారని మా తెనాలి కుర్రాడే అడిగాడు. వంతెనల మీదుగా. అప్పటికి రెండు వంతెనలు ఉన్నాయి లెండి.

సరే, ఊరు ఎలా పెరిగింది? మ్యాపు చూసిన ప్రతివాడికీ ఇక్కడ మహానగరం లేస్తుందని అనిపించింది. 1818లోనే కంపెనీ పెట్టి, బ్యాంకు పేరు కూడా పెట్టేశారు. రెండేళ్ళకి పెట్టినాయన పోయాడు, ఊరూ పోయింది. 1837లో ఇంకో కంపెనీ. అదీ నిలవలేదు. రెండు నదులు అప్పుడూ ఉన్నాయి, అయినా ఊరు లేవలేదు. నది ఒక్కటే ఊరిని లేపదన్నమాట. లేపింది రైలు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే 1850ల నడుమ కేరో దాకా పట్టాలు వేసింది. అక్కడితో పట్టాలు ఆఖరు. ఎదురుగా నది, అవతల వంతెన లేదు. చికాగో నుంచి న్యూ ఆర్లీన్స్ పోవాలన్నా ఇక్కడ దిగాలి, పడవెక్కాలి. పత్తి అటునుంచి వచ్చినా ఇక్కడ దించాలి, రైలుకి ఎక్కించాలి.

దించి ఎక్కించే చోట హమాలీ కావాలి. హమాలీకి బస కావాలి, భోజనం కావాలి. సరుకుకి గోదాము కావాలి. పడవ రేపు పొద్దున్న గానీ లేదంటే ప్రయాణికుడికి హోటలు కావాలి. హోటలు పక్కన సారా కొట్టు ఎలాగూ ఉంటుంది. జనాభా లెక్క చూడండి: 1860లో 2,188. 1870లో 6,267. పదేళ్ళలో మూడింతలు.

ఆ పదేళ్ళలోనే అంతర్యుద్ధం. 1861 సెప్టెంబరులో ఉత్తరాది సైన్యం జనరల్ గ్రాంట్ తన మకాం కేరోలో పెట్టాడు. మరుసటి ఏడు టెనెసీ మీద దాడికి ఇక్కణ్ణుంచే కదిలాడు. ఒహాయో అవతల కెంటకీ బానిసత్వం ఉన్న నేల, ఇటు ఇల్లినాయ్ లేని నేల. దక్షిణాది తోటల నుంచి తప్పించుకున్న వేలమంది నల్లవాళ్ళు ఇక్కడికి చేరారు, సైన్యం వాళ్ళకి గుడారాలు వేసింది. చాలామంది తిరిగి వెళ్ళిపోయారు, కొందరు ఉండిపోయారు. 1900 నాటికి ఊళ్ళో ప్రతి అయిదుగురిలో ఇద్దరు నల్లజాతివాళ్ళు. ఉత్తరాది చిన్న ఊళ్ళలో ఆ రోజుల్లో ఇంత వంతు అరుదు.

డబ్బు బాగా వచ్చింది. 1872లో ఫెడరల్ ప్రభుత్వం రాతితో కస్టమ్స్ భవనం కట్టింది, ఇప్పుడు మ్యూజియం. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో కస్టమ్స్ ఆఫీసేమిటి అనకండి, పడవలు న్యూ ఆర్లీన్స్ నుంచి నేరుగా వచ్చేవి. ఒక పిండి వ్యాపారి మాగ్నోలియా చెట్ల మధ్య మేడ కట్టాడు, 1880లో గ్రాంట్ వచ్చి అందులో బస చేశాడు. అదీ ఉంది ఇప్పటికీ.

ఇక వంతెనల కథ. 1889 అక్టోబరు 29న ఒహాయో మీద రైలు వంతెన పూర్తయింది. గట్టిదా కాదా అని పది ఇంజన్లని ఒకదాని వెనక ఒకటి తోలి చూశారు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టి ఉంటారు. అంతకుముందు రైలు పెట్టెల్ని పడవల మీదికెక్కించి అవతలికి దాటించేవాళ్ళు, అదో రోజు పని. ఇప్పుడు రైలు ఈల వేసుకుంటూ వెళ్ళిపోతుంది. 1905లో థీబ్స్ దగ్గర మిసిసిపీ మీద ఇంకో రైలు వంతెన, అది కేరోని పూర్తిగా పక్కన పెట్టింది. 1929లో మిసిసిపీ మీద రోడ్డు వంతెన, 1930ల చివర్లో ఒహాయో మీద రోడ్డు వంతెన. 1978లో ఇంటర్‌స్టేట్ 57 అనే పెద్ద రహదారి వంతెన, ఊరికి ఉత్తరంగా. ఆ తరవాత లారీవాడికి నడిబజారులోంచి పోయే పని కూడా లేకుండా పోయింది.

వంతెన పడగానే ఊరు పడిపోయిందని చెబితే కథ బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. 1889 తరవాత కూడా ముప్ఫై ఏళ్ళు పెరుగుతూనే ఉంది. కలప మిల్లులు వచ్చాయి, కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దానికి కేంద్రం కాబట్టి కోర్టు ఉంది. ఊరికి ఒక్కసారిగా ప్రాణం పోదు. ఆగాల్సిన అవసరాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. 1920లో శిఖరం, 1940లో 14,407, 1950లో 12,123, 1960లో 9,348. ఇంతవరకూ నేను చెప్పిన భూగోళం సరిపోతుంది. 1970కి వచ్చేసరికి 6,277. పదేళ్ళలో మూడో వంతు మాయం. దీనికి మాత్రం వంతెనలు సరిపోవు.

(ప్రశ్న: ఫ్యాక్టరీలు మూశారా మాస్టారూ?)

చెబుతానండీ. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1909 నవంబరు 11 రాత్రి, ఆ నడిబజారులోనే, ఎనిమిదో వీధి మూల, దీపాల తోరణం కింద విలియం జేమ్స్ అనే నల్లజాతి మనిషిని విచారణ లేకుండా ఉరి తీయబోయారు. తాడు తెగింది. కాల్చి చంపారు. వేలమంది చూశారు. ఆ దీపాలు చీకట్లో ఊరు బాగా కనపడాలని పెట్టుకున్నవి. ఐడా వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు చికాగో నుంచి వచ్చి, ఇంటింటికీ తిరిగి సాక్ష్యం సేకరించి గవర్నరు ముందు వాదించింది. షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధికారి, అతని పదవి ఊడింది. ఊరు మారలేదు.

1962లో ఈత కొలను గొడవ. తెల్లవాళ్ళకే ప్రవేశం, అడిగితే ఇది ప్రైవేటు క్లబ్బు, మెంబర్లకు మాత్రమే అనేవారు. నల్లపిల్లలు ఈదాలంటే నదిలో దిగాలి, ఆ నది మీకు చెప్పాను కదా ఎంతటిదో. కుర్రకారు వచ్చి కొలను బయట కాలిబాట మీద మోకరించి ప్రార్థన చేశారు. వాళ్ళలో జాన్ లూయిస్ ఒకడు, తరవాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ ఫోటో ఇప్పటికీ కనపడుతుంది, ముగ్గురు మోకాళ్ళ మీద. చివరికేమైందంటే కొలనే మూసేశారు. అందరినీ రానిచ్చే కంటే ఎవరూ ఈదకుండా ఉండటం మేలనుకున్నారు. తరవాత కాంక్రీటు పోసి పూడ్చారు.

1967 జులైలో రాబర్ట్ హంట్ అనే నల్లజాతి సైనికుడు, పంతొమ్మిదేళ్ళవాడు, సెలవు మీద వచ్చి పోలీసు స్టేషన్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. నల్లవాళ్ళు నమ్మలేదు. గొడవలు, సైన్యం దిగింది. తెల్లవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని గస్తీ దళం కట్టారు. 1969లో నల్లవాళ్ళుండే ఇళ్ళ సముదాయం మీద రాత్రిళ్ళు తుపాకీ కాల్పులు. ఆ ఏప్రిల్లో యునైటెడ్ ఫ్రంట్ అని నల్లవాళ్ళ సంఘం, తెల్లవాళ్ళ కొట్లలో మాకు ఉద్యోగాలివ్వకపోతే మేం కొనం అని మానుకుంది. ఏళ్ళ తరబడి మానుకున్నారు. కొట్లవాళ్ళు ఏం చేసి ఉంటారో చెప్పండి?

(ఒకరు: మూసేశారు.)

అంతే. కొలను కథే మళ్ళీ జరిగింది. ఒక్కొక్క కొట్టూ మూసి, ఇల్లమ్మి, నది దాటి వెళ్ళిపోయారు. అందుకే మీరడిగిన దానికి జవాబు, ఫ్యాక్టరీలు కాదు, ముందు బజారు మూశారు. అంతకుముందు వంతెనల వల్ల పైవాళ్ళు ఆగడం మానేశారు, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళే ఆగడం మానేశారు. రెండూ కలిశాయి, ఆ నదుల్లాగే. నేను చూసిన ఆ కిటికీలో చెట్టు అప్పుడు మొలిచింది. 1980లో కోర్టు వల్ల మునిసిపల్ ఎన్నికల పద్ధతి మారి వార్డులు వచ్చాయి, నల్లవాళ్ళు కౌన్సిల్లోకి రాగలిగారు. అప్పటికి ఊళ్ళో 5,931 మంది. 1986లో ఆస్పత్రి మూతపడింది.

ఆ రోజు మాకు తిండి దొరకలేదన్నాను కదా. లైబ్రరీ తెరిచి ఉంది. 1884లో కట్టిన భవనం, చెక్క మెట్లు, రంగుటద్దాల కిటికీలు. లోపలికి వెళ్ళగానే చల్లగా ఉంది. బల్ల వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి "యూనివర్సిటీ పిల్లలా?" అంది, నీళ్ళిచ్చింది, తన సొరుగులోంచి బిస్కెట్ల ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. కైరో కాదు కేరో అని చెప్పింది ఆవిడే. మేం నాలుగుసార్లు అన్నాం, నాలుగోసారికి ఒప్పుకుంది. ఊళ్ళో ఏం చూడాలని అడిగితే పార్కులో కట్టె నరికే మనిషి కంచు విగ్రహం ఉంది, అది చూసి పొమ్మంది. జార్జ్ గ్రే బర్నార్డ్ అనే పేరున్న శిల్పి చేసింది. చూశాం. మోకాలి మీద వంగి దుంగని చెక్కుతున్న మనిషి, ఒంటిమీద నూలుపోగు లేదు. చుట్టూ గడ్డి శుభ్రంగా కోసి ఉంది. అంత ఖాళీ ఊళ్ళో ఆ గడ్డి ఎవరు కోస్తున్నారా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక 2011. ఆ ఏడు మే 2న కేరో దగ్గర ఒహాయో మట్టం 61.72 అడుగులు. అక్కడ 40 అడుగులకే వరద కింద లెక్క. గట్టు, గోడ కలిపి 64 అడుగుల దాకా ఆపగలవు. 1937లో 59.5 అడుగులొస్తే గట్టు మీద చెక్కలు పేర్చి మట్టి పోసి మూడడుగులు ఎత్తు పెంచుకుని బతికారు. ఈసారి అంతకంటే రెండడుగులు ఎక్కువ. గోడ మీంచి పొర్లడం ఒక భయమైతే, గట్టు కింద నుంచి ఊట ఇంకో భయం. బరువైన నీరు నేల కింద దారి చేసుకుని, ఊళ్ళో ఎక్కడో ఇసుక తోసుకుంటూ ఉడుకుతున్న కుండలా పైకొస్తుంది. ఊరందరినీ ఖాళీ చేయించారు.

అప్పుడు సైన్యం ఇంజనీర్లు ఏం చేశారంటే, మిసిసిపీ అవతల, మిస్సోరీ వైపు, బర్డ్స్ పాయింట్ దగ్గర గట్టుని రాత్రి పది గంటలకి మందుగుండు పెట్టి పేల్చేశారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. 1928 చట్టం కింద, పెద్ద వరదొస్తే ఇక్కడ గట్టు తెంచి పొలాల మీదికి నీళ్ళు వదలాలని రాసుకున్నదే. రైతుల దగ్గర ఆ హక్కు కొనుక్కున్నారు కూడా. 1937లో ఒకసారి వాడారు, 74 ఏళ్ళకి మళ్ళీ వాడారు. లక్షా 30 వేల ఎకరాలు మునిగాయి. మిస్సోరీ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఆపలేకపోయింది. కేరో మట్టం దిగింది, ఊరు దక్కింది.

ఎవరిని ముంచి ఎవరిని కాపాడాలి అని ఆ రోజుల్లో టీవీల్లో పెద్ద చర్చ. ఖాళీ అయిపోయిన ఆ పేద ఊరి కోసం బంగారం పండే నేల ముంచుతారా అని మాట్లాడినవాళ్ళున్నారు. ఆ చర్చలో ఎవరికీ ఎక్కువగా పట్టనిది పిన్‌హుక్. ఆ పొలాల మధ్య చిన్న పల్లె. కౌలు చేసుకునే నల్లజాతి కుటుంబాలు 1940ల్లో కట్టుకున్నవి. వరద వదిలే నేల కాబట్టే వాళ్ళకి అమ్మారు, మంచి నేల వాళ్ళకి ఎవరూ అమ్మలేదు. నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరిని కాపాడ్డానికి నల్లవాళ్ళ పల్లె మీదికే నీళ్ళు పోయాయి. పిన్‌హుక్ మళ్ళీ అక్కడ లేవలేదు.

వరద గెలిచాక అయినా ఊరు నిలబడిందా? దగ్గర్లో టామ్స్ అనే ఊళ్ళో పెద్ద జైలుండేది, ఎన్నో ఉద్యోగాలు. 2013 మొదట్లో మూసేశారు. 2017లో ఫెడరల్ గృహశాఖ కేరోలో రెండు ప్రభుత్వ ఇళ్ళ సముదాయాలు, ఎల్మ్‌వుడ్, మెక్‌బ్రైడ్, ఉండటానికి పనికిరావని తేల్చింది. దాదాపు 400 మంది, అందులో సగం దాకా పిల్లలు. వేరే చోట అద్దెకి చీటీలిస్తాం పొమ్మన్నారు. ఊళ్ళో అద్దెకి ఇళ్ళు ఉంటే కదా! ఇళ్ళున్నాయి, పైకప్పుల్లేవు. అందుకని ఊరు దాటారు. 2010లో 2,831 ఉన్న జనాభా 2020కి 1,733 అయిందంటే దాని వెనక ఇది చాలా ఉంది. అలెగ్జాండర్ కౌంటీ మొత్తం తీసుకుంటే 8,238 నుంచి 5,240. అమెరికాలో 3 వేలకు పైగా కౌంటీలున్నాయి, ఆ పదేళ్ళలో శాతం లెక్కన అందరికంటే ఎక్కువ జనాన్ని పోగొట్టుకున్నది ఇదే. వంద మందిలో 36 మంది.

మనిషి తగ్గితే కిరాణా కొట్టు నడవదు, కొట్టు లేకపోతే మనిషి ఉండడు. ఊళ్ళో ఆఖరి కిరాణా కూడా మూతపడ్డాక చాలా ఏళ్ళు పాలకి, కూరలకి వంతెన దాటి పోయేవాళ్ళు. కారు లేని ముసలివాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. 2023లో జనమే వాటాలేసుకుని సహకార కొట్టు పెట్టారు, ప్రభుత్వం సొమ్ము కొంత ఇచ్చింది. దాన్ని నడపడం కూడా తేలిక కాలేదు.

ఇప్పుడు మీకొక విచిత్రం. ఊరు ఖాళీ, నది ఖాళీ కాదు. నేను రెండోసారి వెళ్ళింది వరద తరవాత కొన్నేళ్ళకి. పాయింట్ దగ్గర చెట్ల మానుల మీద నా తలకంటే ఎత్తున బురద గీత ఇంకా ఉంది. ఒక గంట కూర్చున్నాను. బార్జిల దండలు ఒకటి తరవాత ఒకటి. ఒక్కో బార్జిలో 1,500 టన్నులు, మొక్కజొన్నో, సోయానో, బొగ్గో. మన లారీలయితే అరవై కావాలి ఒక్క బార్జికి. లాకులున్న ఎగువ నదిలో పదిహేను బార్జిలు కట్టి ఒక టోబోటు తోస్తుంది. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా లాకులు లేవు కాబట్టి ముప్ఫై, నలభై కడతారు. ఆ విప్పడం, కట్టడం అంతా ఇక్కడే, నది మధ్యలోనే. ఒక్క మనిషి ఒడ్డుకి దిగడు. వంటవాడు పడవలోనే, పడక పడవలోనే. సరుకు కావాలన్నా చిన్న పడవ తెచ్చి నడినదిలో అందిస్తుంది. ఊళ్ళో సోయా నూనె మిల్లు ఒకటి మాత్రం నడుస్తోంది.

17 మైళ్ళు ఎగువన ఓల్మ్‌స్టెడ్ దగ్గర ఒహాయో మీద కొత్త లాకులు, డ్యాం కట్టారు. 1988లో అనుమతి, 2018లో ప్రారంభం. 77 కోట్ల డాలర్ల అంచనా 300 కోట్లు అయింది. ఇది వింటే మన ఇంజనీర్లకి కాస్త ధైర్యంగా ఉంటుంది. (నవ్వులు) ఎందుకు కట్టారంటే, అక్కడి పాత లాకుల దగ్గర పడవలు గంటల తరబడి ఆగిపోతున్నాయని. ఆగకుండా పోవడానికి 300 కోట్లు.

(ప్రశ్న: మరి ఆ ఊరికి ఇక దారే లేదా?)

ఒక ప్రయత్నముందండీ. 2020లో రాష్ట్ర ప్రభుత్వం కేరో దగ్గర రేవు కట్టడానికి 4 కోట్ల డాలర్లు కేటాయించింది. దిగువ నుంచి వచ్చిన కంటెయినర్లని ఇక్కడ దింపి, రైలుకీ లారీకీ ఎక్కించాలని. 1855 నాటి ఆలోచనే. దించడం, ఎక్కించడం. మనుషులు కాక క్రేన్లు దించేచోట ఎంతమందికి బస కావాలి, ఎన్ని హోటళ్ళు లేస్తాయి, అది నాకు అనుమానమే. అయినా రేవు లేని ఊరికంటే రేవున్న ఊరు నయం కదా.

(ప్రశ్న: మా అల్లుడు సెయింట్ లూయిస్‌లో ఉంటాడు. మేం వెళితే చూడొచ్చా?)

తప్పకుండా చూడండి అక్కయ్యగారూ. అక్కణ్ణుంచి రెండున్నర గంటలు. ఇంటర్‌స్టేట్ 57 మీద ఇల్లినాయ్ వైపు ఒకటో నంబరు ఎగ్జిట్. పెట్రోలు, భోజనం ముందు ఊళ్ళోనే చూసుకోండి, పులిహోర కట్టుకెళితే ఇంకా మంచిది. లైబ్రరీ, మ్యూజియం ఏ రోజుల్లో తెరుస్తారో ఫోను చేసి కనుక్కోండి. పాయింట్ పార్కు గట్టుకి బయట ఉంటుంది, నది పొంగితే మునిగే ఉంటుంది. వాతావరణ శాఖవాళ్ళు కేరో మట్టం రోజూ పెడతారు, బయల్దేరే ముందు అది ఒకసారి చూసుకోమనండి మీ అల్లుణ్ణి.